ఇస్త్రీ చేసిన రిపోర్టు

సోమవారం పొద్దున యూనియన్ ఆఫీసు తలుపు తీసేసరికి కవర్లు గుమ్మంలోనే కాళ్ళకి అడ్డం పడ్డాయి. మొత్తం పదకొండు. శని, ఆదివారాల్లో ప్రాంతం మొత్తం మీద జరిగిన పదకొండు రగ్బీ మ్యాచుల కాగితాలవి. ఒక్కో కవర్లో రెండు జట్ల పేర్లున్న కార్డు, రిఫరీ రాసిన రిపోర్టు ఉంటాయి. కొన్ని వానకి తడిసి ఉబ్బిపోయాయి. ఒకదాని మీద బూటు ముద్ర మేకులతో సహా దిగింది. ఆవిడ వాటిని ఏరుకొచ్చి కిటికీ పక్క టేబుల్ మీద వరసగా పరిచి, పాత గుడ్డతో ఒక్కోదాని బురద తుడవడం మొదలుపెట్టింది.

ఆఫీసంటే టైర్ల దుకాణం పైన రెండు గదులు. ముందు గది రిజిస్ట్రారుగా ఆవిడది, లోపలి గది సెక్రటరీది. ముప్పై నాలుగు క్లబ్బుల మంచీ చెడ్డా ఆ రెండు గదుల్లోనే తేలాలి. ఆడేవాళ్ళలో ఆటతో బతికేవాడు ఒక్కడూ లేడు. వారమంతా వెల్డింగులు చేసుకుని, బస్సులు నడుపుకుని, బళ్ళో పాఠాలు చెప్పుకుని, శనివారం మధ్యాహ్నానికి ఒకళ్ళ మెడలు ఒకళ్ళు విరుచుకోవడానికి తయారైపోతారు. మెడలు విరుచుకోవడానికైనా ఒక పద్ధతుండాలి కదా! ఆ పద్ధతి చూసేదే యూనియన్.

క్లబ్బుల వాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు ఇస్త్రీ మేడమ్. ఎంత నలిగిన కాగితమైనా ఆవిడ చేతిలో పడితే మడత లేకుండా బయటికొస్తుంది. రిఫరీలు ఆటలో పులులే కానీ రాతలో పసిపిల్లలు. తేదీలు తప్పు రాస్తారు, క్లబ్బుల పేర్లు తారుమారు చేస్తారు, మొదలుపెట్టిన వాక్యం పూర్తి చెయ్యరు. వాటన్నిటినీ సరిచేసి శుభ్రంగా టైపు చేసి ఇవ్వడం ఆవిడ పని. నిజానికి ఆవిడ పని టైపు చేయడం వరకే. సరిచేయమని ఎవరూ చెప్పలేదు. తప్పు కాగితం కంటపడితే ఆవిడకి ఒళ్ళంతా దురద పుట్టినట్టుంటుంది, అంతే. ఆరేళ్ళలో ఆవిడ టైపు చేసిన కాగితం వెనక్కి రాలేదు. ఆ మాట ఆవిడ రోజూ చెప్పుకోదు గానీ, మరిచిపోయిన రోజూ లేదు.

ఆ వారం అన్నిట్లోకీ అన్యాయమైన రిపోర్టు పళ్ళ డాక్టరుగారిది. వర్క్‌షాపు క్లబ్బుకీ కాలేజీ క్లబ్బుకీ జరిగిన సెమీఫైనల్‌కి ఆయనే రిఫరీ. రిపోర్టు వానలో కారులో కూర్చుని రాసినట్టుంది. సిరా పాకింది, రెండు మాటలు మింగేశాడు, తేదీ ముందురోజుది వేశాడు, ఒకచోట తడిచేత్తో అంకె రెండుసార్లు పడింది. ఆవిడ తేదీ మార్చింది, మింగిన మాటలు కక్కించింది, ఎక్కువైన అంకె తీసేసింది. అరపేజీ రిపోర్టు ముత్యాల్లా వచ్చింది: ఆట ఆఖరి క్షణంలో స్క్రమ్ కూలిపోగా, కింద పడి ఉన్న కాలేజీ క్లబ్బు ఆటగాడి చెవి మీద వర్క్‌షాపు క్లబ్బు మూడో నంబరు కావాలని బూటుకాలితో తొక్కాడు, వెంటనే విజిల్ వేసి ఆట ముగించాను, గాయపడిన వ్యక్తికి ఎనిమిది కుట్లు పడ్డాయి.

సెక్రటరీ ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చదివాడు. ఎడమచెవి ముద్దగా నలిగిపోయిన మనిషి. ఒకప్పుడు ఇరవై ఏళ్ళపాటు, రెండు జట్లూ వంగి భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్‌లో, ముందు వరసలో తలదూర్చి తోసినందుకు ఆ చెవి మిగిలింది.

"డాక్టరు ఇలాగే రాశాడా అమ్మా?"

"ఆయన రాసింది రాసినట్టు పెడితే ఎవరికీ అర్థం కాదు సార్. అర్థమయ్యేలా పెట్టాను."

"ఊఁ," అన్నాడాయన. ఆ 'ఊఁ' ఆవిడకి నచ్చలేదు.

*

మంగళవారం పదిన్నరకి వర్క్‌షాపు క్లబ్బు మూడో నంబరు వచ్చాడు. వెల్డరు. మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడితే వెలుతురు సగం తగ్గింది. చేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన నల్లమచ్చలు. కూర్చోమంటే కుర్చీ వైపు అనుమానంగా చూసి, అంచున కూర్చున్నాడు.

"మేడమ్, నేను తొక్కలేదు."

"విచారణ శుక్రవారం నాలుగింటికండీ. అక్కడ చెప్పుకోండి."

"చెప్పుకుంటాను. కానీ తొక్కినవాడెవడైనా తొక్కానని చెప్తాడా? అందరూ అనే మాటే నేనూ అంటే ఎవరు నమ్ముతారు?" అతను అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. "స్క్రమ్ కూలినప్పుడు నేను అట్టడుగున ఉన్నాను. నా మీద ఆరుగురు. నోటినిండా గడ్డి. నా కాలెక్కడుందో నాకే తెలీదు. ఇంకొకడి చెవి మీద ఎక్కడ పెట్టను?"

"ఇలాంటి దానికి ఎన్ని వారాలు వేస్తారో తెలుసు కదా?"

"నలభై. నలభై అయినా నాలుగయినా నాకొకటే మేడమ్. మెడ ఎముక అరిగిపోయింది, ఈ ఆదివారంతో సరి అని మా ఆవిడకి మాటిచ్చాను. ఇరవై రెండేళ్ళు ఆడాను. మా క్లబ్బు ఫైనల్‌కి రావడం ఇదే మొదలు."  అతను కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు. "డాక్టరుగారు చేత్తో రాసిన కాగితం ఒకసారి చూపించండి. ఆయన నా నంబరే రాస్తే ఇంకేం మాట్లాడను."

అడిగే హక్కు అతనికుంది. ఆవిడ లేచి బీరువా తీసి ఆ వారం పెట్టె దించింది. రాతప్రతులన్నీ కవరు నంబరు ప్రకారం ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు... డాక్టరుగారి ఏడో కవరుది ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది. మళ్ళీ మొదటినుంచి చూసింది. పెట్టె బోర్లించి చూసింది. లేదు.

బీరువాకి రెండు తాళంచెవులు. ఒకటి ఆవిడ కొంగుకి, ఇంకొకటి సెక్రటరీ జేబులో.

"రేపు సాయంత్రం రండి," అంది వెల్డరుతో, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ.

అతను వెళ్ళాక లోపలి గదిలోకి వెళ్ళింది. "సార్, ఏడో కవరు రాతప్రతి పెట్టెలో లేదు."

"ఉంటుందిలే. కాగితానికి కాళ్ళొచ్చాయా?" అన్నాడాయన తల ఎత్తకుండా.

ఆయన తల వెనక గోడ మీద ఒక ఫోటో ఉంది. ఆరేళ్ళుగా చూస్తున్న ఫోటోనే, ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూసింది. ఓడరేవు క్లబ్బు జట్టు. ముందు వరసలో మూడోవాడు, అప్పటికి చెవి నలగని కుర్రాడు, సెక్రటరీ. ఆదివారం ఫైనల్లో వర్క్‌షాపుతో ఆడబోయేది ఓడరేవు క్లబ్బే. వర్క్‌షాపు బలమంతా వెల్డరు మెడలోనే ఉందని ఊళ్ళో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు.

 ఛ, ఈయనా, అనుకుంది ఆవిడ. తనకి ఫైలింగు నేర్పినవాడు. అయినా ఆ ఆలోచన చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

*

అనుమానం వచ్చినవాళ్ళకి రుజువులు వెతుక్కోనక్కర్లేదు, అవే నడిచొస్తాయి. బుధవారం సెక్రటరీ రాగానే గది తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు పూర్తిగా పడదు, చెక్క ఉబ్బింది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆవిడ కార్డులు సర్దుతూ సర్దుతూ ఆ తలుపు పక్కనున్న అల్మారా దాకా వెళ్ళింది. అక్కడ సర్దాల్సినవేమీ లేవు.

"...ఎప్పుడొస్తున్నారు ఊళ్ళోకి? శుక్రవారమా? సరే డాక్టరుగారూ, అప్పటిదాకా ఎవరితోనూ అనకండి. నోట్లో మాట నోట్లోనే ఉండాలి... అబ్బే, ఆవిడకి తెలీదు. తెలీకూడదు కూడా."

 ఆవిడంటే తనే కదా. ఇంకెవరున్నారు ఆఫీసులో?

సాయంత్రం మళ్ళీ వచ్చిన వెల్డరుకి కాగితం ఇంకా దొరకలేదని చెప్పాల్సి వచ్చింది. అతను లోపలి గది వైపు, గోడ మీద ఫోటో వైపు ఒకసారి చూసి, తల ఊపి మెట్లు దిగాడు. ఆ తల ఊపడమే ఆవిడని దహించింది. తననీ వాళ్ళతో కట్టగట్టేశాడు. ఇస్త్రీ మేడమ్ కూడా ఆ బాపతే అనుకుంటూ వెళ్ళాడు.

ఇంక ఆగలేకపోయింది. కూర్చుని యూనియన్ ప్రెసిడెంటుకి ఉత్తరం టైపు చేసింది. సెక్రటరీ తన పాత క్లబ్బుకి లాభం కలగాలని ఉద్దేశపూర్వకంగా రిఫరీ రాతప్రతిని మాయం చేశారనీ, రిఫరీని మాట్లాడవద్దని కట్టడి చేశారనీ రాసింది. మూడుసార్లు చదువుకుంది. లాయరైన ప్రెసిడెంటు ఆఫీసుకి తనే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. తిరిగొస్తుంటే కాళ్ళు తేలికయ్యాయి. మంచిపని చేసినప్పుడు అలాగే ఉంటుందనుకుంది.

*

గురువారం సెక్రటరీ ఆవిడ చూస్తుండగానే మడిచిన కాగితం ఒకటి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. పక్కనుంచి పాకిన సిరా మరక కనిపించింది. 'దొరికావు' అనుకుంది ఆవిడ. అలా అనుకున్నందుకు ఏమాత్రం సంతోషం కలగలేదు.

సాయంత్రం ఇంటికెళ్తూ అక్క కుట్టు దుకాణంలో ఆగింది. అక్కకి సగం క్లబ్బుల జెర్సీలు కుట్టే పని ఉంది. గుడ్డతో అంకెలు కత్తిరించి వీపుల మీద కుట్టడం, చిరిగినవి అతకడం. దుకాణం నిండా వీపులే. ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుంటే మాటలన్నీ అక్కవే.

"ఏంటే, మొహం అలా మాడ్చుకున్నావు? ఎవరి కాగితంలో తప్పు దొరికింది?"

"ఊరుకో అక్కా."

"నువ్వు ఊరుకుంటే కదా నేను ఊరుకునేది. ఆ సూది అందుకో."

సూది అందిస్తూ ఆవిడ మిషను పక్కన పడున్న జెర్సీ చూసింది. వర్క్‌షాపు వాళ్ళ ముదురాకుపచ్చ. భుజం దగ్గర చిరిగింది. ఎండిన బురద కింద రెండు అంకెలు, పక్కపక్కనే, ఒకేలాంటివి.

"ఇదేంటక్కా? ముప్పై మూడా?"

"అదా, వాళ్ళ స్పేరు చొక్కా. రక్తం కారితే ఆ చొక్కాతో ఆడనివ్వరట కదా మీవాళ్ళు. అప్పుడు మార్చుకోవడానికి. ఇరవై మూడు కుట్టమన్నారు. నా దగ్గర రెండు అయిపోయింది, మూళ్ళు మాత్రం బోలెడు మిగిలాయి. స్పేరే కదా, ఏ నంబరైతే ఎవరు చూడొచ్చారని రెండు మూళ్ళు అతికించి పడేశాను. ఎవరూ పట్టించుకోలేదు." అక్క నవ్వింది. "నువ్వు చూసుంటే మాత్రం నా ప్రాణం తీసేదానివి."

"మొన్న శనివారం ఇది ఎవరైనా వేసుకున్నారా?"

"వేసుకోకపోతే ఈ బురదెలా వచ్చింది? ఆ బస్సు డ్రైవరు, పొడుగాయన, ముక్కు పగిలిందట. ఇదిగో ఆయన అసలు చొక్కా, ఐదో నంబరు. ఉప్పునీళ్ళలో నానబెట్టినా మరక పోలేదు చూడు."

ఆవిడ చూడలేదు. ఆవిడకి కనిపిస్తున్నది పళ్ళ డాక్టరు రిపోర్టు. పాకిన సిరా, మింగిన మాటలు, ఒకచోట తడిచేత్తో రెండుసార్లు పడిన అంకె. మూడు, దాని పక్కన ఇంకో మూడు. కార్డులో నంబర్లు ఇరవై రెండుతో అయిపోతాయి కదా, ముప్పై మూడు ఎలా ఉంటుందని, ఒక మూడు తీసేసింది. దానికి ఆవిడకి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ రెప్పపాటులో ఒక మనిషి ఇరవై రెండేళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి.

"ఏమైందే?" అంది అక్క మిషను ఆపి.

ఆవిడ ఫోను తీసి ప్రెసిడెంటుకి చేసింది. ఉత్తరం వెనక్కి ఇచ్చేయమని అడగబోయింది. నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు: "మీ ఉత్తరం చూశానమ్మా. భయపడకండి, రేపు అందరి ముందూ తేల్చేస్తాను. మీలాంటివాళ్ళు ఉండబట్టే యూనియన్ నిలబడింది." ఆయన పెట్టేశాక కూడా ఆవిడ చాలాసేపు ఫోను చెవికి ఆనించుకునే కూర్చుంది.

*

శుక్రవారం నాలుగింటికి లోపలి గదిలో ఎనిమిది కుర్చీలు పట్టించడానికి బీరువా జరపాల్సి వచ్చింది. ప్రెసిడెంటు, కమిటీ సభ్యులిద్దరు, సెక్రటరీ, పొద్దున్నే ఊరినుంచి దిగిన పళ్ళ డాక్టరు, వెల్డరు. వెల్డరుకి సాక్షిగా, అతని మంచితనం చెప్పడానికి వచ్చిన బస్సు డ్రైవరు ముక్కు మీద ఇంకా పట్టీ ఉంది. మూలన నోటుబుక్కుతో ఆవిడ. విచారణలో ఎవరేమన్నా అన్నది అన్నట్టు రాసుకోవడం కూడా ఆవిడ పనే.

రాత్రంతా ఆవిడకి నిద్ర లేదు. చెప్పేయాలని పదిసార్లు అనుకుంది. పదకొండోసారి ఇంకో ఆలోచన వచ్చింది. రాతప్రతి ఆయన దగ్గరుంది, ఆయన దాచాడు, దాచినవాడు దోషి కాకుండా పోతాడా? అలా వచ్చిన ఆలోచనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ప్రెసిడెంటు టైపు చేసిన రిపోర్టు చదివి పక్కన పెట్టాడు. "దీనికంటే ముందు ఇంకో సంగతుంది," అని ఉత్తరం తీశాడు. మొత్తం చదివాడు. 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట దగ్గర గొంతు పెంచాడు. వెల్డరు తల ఎత్తి సెక్రటరీని చూశాడు. సెక్రటరీ మాత్రం ఆవిడని చూశాడు, ఒక్కసారే. కోపంగా చూసుంటే బాగుండేదనిపించింది ఆవిడకి.

"కాగితం మీ దగ్గరుందా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఉంది." ఆయన కోటు జేబులోంచి మడత తీసి టేబుల్ మీద పెట్టాడు. "సోమవారం చదివినప్పుడే నాకు పొసగలేదు. నేనూ మూడో నంబరే ఆడాను. స్క్రమ్ కూలితే మూడోవాడు అడుగున పడతాడు, వాడికి కాలెత్తే సందు ఉండదు. అందుకని అసలు కాగితం తీసి చూశాను. డాక్టరుగారూ, మీరే చెప్పండి."

పళ్ళ డాక్టరు ముందుకి వంగాడు. "నేను రాసింది ముప్పై మూడు. వీపు మీద రెండు మూళ్ళు కళ్ళారా చూశాను. అలాంటి నంబరు కార్డులో లేదని నాకు తట్టలేదు, నా తప్పే."

"మరి టైపులో మూడెలా అయింది?"

"నేను చదివి చెప్పాను, ఆవిడ కొట్టింది," అన్నాడు సెక్రటరీ తేలిగ్గా. "కళ్ళజోడు మార్చమని ఇంట్లో ఎన్నాళ్ళుగానో పోరుతున్నారు."

"తెలిసినప్పుడే ఎందుకు చెప్పలేదు? డాక్టరుగారి నోరెందుకు కట్టేశారు?"

"ఆయన వచ్చి ఎదురుగా చెప్పకముందే బయటపెడితే, ఆ అంకెని ఇంకెవరైనా సరిచేస్తారేమోనని." అలా అంటున్నప్పుడు కూడా ఆయన ఆవిడవైపు చూడలేదు.

ప్రెసిడెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీరు ఓడరేవు క్లబ్బు మనిషి. వాళ్ళు ఆడబోయే ఫైనల్‌కి ముందు అవతలి జట్టు మూడో నంబరు మీ తప్పు వల్ల ఆగిపోబోయాడు. జనం కళ్ళజోడు గురించి ఆలోచించరు. ఈ పదవిలో మీరిక ఉండడం కష్టం. రాసుకోండమ్మా: సెక్రటరీ చదివి చెప్పగా పొరపాటు జరిగినట్టు ఆయనే ఒప్పుకున్నారు."

ఆవిడ 'సెక్రటరీ చదివి' అని రాసింది. తర్వాతి అక్షరం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎంత నలిగిన కాగితాన్నైనా సాపు చేసే చెయ్యి ఒక్క మాట దాటలేకపోయింది.

"ఇది నేను రాయలేను సార్," అంది.

గదిలో అందరూ ఆవిడవైపు తిరిగారు.

"ఆయన నాకేమీ చదివి చెప్పలేదు. రెండు మూళ్ళు ఉన్నాయి, నేను చూశాను. చూసి ఒకటి తీసేశాను. కార్డుకి సరిపోలేదని తీసేశాను. ఆరేళ్ళుగా అలాగే తీస్తున్నాను, పెడుతున్నాను."  "నిన్న సాయంత్రం నుంచీ నాకు తెలుసు. ఆ ఉత్తరం అబద్ధం."

కింద టైర్ల దుకాణంలో గాలి కొట్టే మిషను గర్రుమని ఆగింది. సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అప్పుడు ఎవరూ అడక్కుండానే బస్సు డ్రైవరు లేచి నిలబడ్డాడు. పైకప్పు తక్కువ, తల వంచుకోక తప్పలేదు.

"ముప్పై మూడు వేసుకుంది నేను. కాలు పడింది. కావాలని వేశానో లేదో ఇప్పుడు నేనేం చెప్పినా మీరు నమ్మరు."

వెల్డరు మెల్లగా అతనివైపు తిరిగాడు. మెడ అరిగినవాడు కదా, ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. "నాలుగు రోజుల్నుంచీ నా పక్కన కూర్చుని టీ తాగుతున్నావు కదరా," అన్నాడు. 

*

సోమవారం కవర్లు మళ్ళీ గుమ్మంలో పడున్నాయి. ఈసారి నాలుగే. ఆవిడ రాజీనామా కాగితం సంచిలో పెట్టుకుని వచ్చింది. ముందు బురద తుడిచి, తర్వాత ఇద్దామనుకుంది.

సెక్రటరీ పదింటికి వచ్చి, ఆవిడ టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. ప్రెసిడెంటుకి ఆవిడ రాసిన ఉత్తరం.

"నీది నీకిచ్చేయమన్నాడు. అందులో 'ఉద్దేశపూర్వకంగా' అన్నచోట ఒక ఒత్తు పోయింది."

ఆవిడ చూసింది. నిజమే. మూడుసార్లు చదివినా కనపడలేదు. "మీరు దిద్దలేదా సార్?"

"నేనెందుకు దిద్దుతాను? రాసింది నువ్వు." ఆయన లోపలికి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "సంచిలో ఉన్నది కూడా నాకివ్వకు. దాంట్లోనూ తప్పులుంటాయి, చదవడానికి నాకు సరైన కళ్ళజోడు లేదు."

తలుపు వేసుకున్నాడు, అది మామూలుగానే పూర్తిగా పడలేదు. ఆవిడ కొంగుతో మొహం ఒత్తుకుని కవర్లు ముందుకి లాక్కుంది. పైనున్నది ఫైనల్ రిపోర్టు. వర్క్‌షాపు మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. రిఫరీ ఎవరో కొత్తాయన, వంకర రాత. ఆఖర్న ఎవరూ అడగని వాక్యం ఒకటి రాశాడు: ఆట ముగిశాక వర్క్‌షాపు మూడో నంబరు బూట్లు విప్పి చేత పట్టుకుని మైదానం మద్యలో చాలాసేపు నుంచున్నాడు, ఎవరు పిలిచినా రాలేదు.

'మధ్యలో' అని రాయాల్సింది 'మద్యలో' అని రాశాడు. ఆవిడ వేళ్ళు మీటల మీద ఆగాయి. కాగితం వైపు ఇంకోసారి చూసుకుని, ఆయన రాసింది రాసినట్టే కొట్టింది.